తోడు నడకే తపస్సు

సీతమ్మను వెతకడానికి దక్షిణ దిక్కుకు పంపుతూ సుగ్రీవుడు వానరులకు దారి గుర్తులు చెబుతాడు. మలయ పర్వత శిఖరాన కూర్చున్న అగస్త్య మహర్షిని దర్శించి, ఆయన అనుమతి పొందాకే తామ్రపర్ణిని దాటమంటాడు. ఆ జట్టుకు నాయకుడు యువరాజు అంగదుడు. పెద్దదిక్కు జాంబవంతుడు. వెంట హనుమంతుడంతటి వాడున్నాడు. అయినా ఆకలిదప్పులతో ఋక్షబిలమనే గుహలోకి దిగినప్పుడు, కన్ను పొడుచుకున్నా కానరాని ఆ చీకట్లో వారంతా ఒకరినొకరు పట్టుకునే నడిచారు. చివరికి అక్కడున్న తాపసి స్వయంప్రభ పెట్టిన ఫలాలతో ఆకలి తీర్చుకుని, ఆమె దయతో బయటపడ్డారు. అడవికి వెళ్లేవాడు ఎంత బలవంతుడైనా అతనికి అనుమతి కావాలి, తోడు కావాలి, ఆ చోటు ఎరిగినవారి దయ కావాలి. కిష్కింధకాండ నేర్పే పాఠం ఇదే.

ఆ మహర్షి పేరు మోస్తున్న కొండ అగస్త్యకూడం. ఎత్తు 1868 మీటర్లు. కేరళ, తమిళనాడు సరిహద్దున వానలతో తడిసే చిక్కటి అరణ్యంలో ఉంది. తామ్రపర్ణి నేటికీ ఈ కొండల్లోనే పుడుతోంది. ఏటా కొద్ది వారాలపాటు, రోజుకు కొద్దిమందినే అటవీశాఖ అనుమతిస్తుంది. 2019 జనవరి నుంచి మహిళలూ ఈ కొండ ఎక్కుతున్నారు. తిరువనంతపురం జిల్లా బోనక్కాడు నుంచి రానూపోనూ మూడు రోజుల నడక. వాగులు దాటాలి, జలగలను ఓర్చుకోవాలి, చివరన తాళ్లు పట్టుకుని బండలెక్కాలి. ఉద్యోగం, హోదా, ఊళ్లో ఉన్న పలుకుబడి ఆ తాడు దగ్గర ఎందుకూ పనికిరావు. పైనున్నవాడు అందించే చెయ్యే అక్కరకొస్తుంది. నేననే భావం కరగడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది?

ఈ అడవి బిడ్డలు కాణి గిరిజనులు. 1987లో వీరిని దారి చూపమని వెంటబెట్టుకుని వెళ్లిన శాస్త్రవేత్తలు నడవలేక అలసిపోయారు. కాణివారు మాత్రం ఏవో చిన్న కాయలు తింటూ హుషారుగా సాగారు. ఆ కాయలు అతిథులకూ పెట్టారు. తమలో తాము దాచుకున్న ఆ మొక్క రహస్యాన్ని మొదట తటపటాయించినా తర్వాత చెప్పారు. అదే ఆరోగ్యపచ్చ. దాని నుంచి ‘జీవని’ అనే మందు తయారైంది. దానిపై వచ్చిన లైసెన్సు రుసుము, రాయల్టీల్లో సగం కాణివారికి చెందేలా ఒప్పందం కుదిరింది. స్వయంప్రభ పెట్టిన ఫలాలకూ, వీరు పెట్టిన కాయలకూ భేదం లేదు. అలసినవాడికి అన్నం పెట్టి, దారి చూపినవారే అరణ్యంలో గురువులు.

శిఖరాన అగస్త్యుని విగ్రహం ఉంది. కానీ ప్లాస్టిక్, మద్యంతో పాటు పూజాసామగ్రినీ తీసుకెళ్లనివ్వరు. కొబ్బరికాయ, కర్పూరం లేకుండా మహర్షికి ఏం సమర్పించాలి? వెనకబడ్డ తోటివాడి కోసం ఆగిన క్షణాలు, కోయకుండా వదిలిన పువ్వు, చెరపకుండా కాపాడిన నిశ్శబ్దం. వీటికి మించిన నైవేద్యం లేదు.

మాల వేసుకుని గురుస్వామి వెనక శబరిమల అడవి దారిలో నడిచే మన తెలుగువారికి ఈ క్రమశిక్షణ కొత్త కాదు. సాహసయాత్రలకు బృందాలుగా బయల్దేరే యువత కూడా దాన్ని పాటించాలి. అడవిలోకి అతిథులుగా వెళ్లండి. దారి చూపే గిరిజనుడి మాటను గురువాక్యంగా వినండి. అందరికంటే నెమ్మదిగా నడిచేవారి అడుగే జట్టు మొత్తానికి వేగం కావాలి.