ఎవరి కోసం ఈ వల?



తన వెంట నడిచి వస్తున్న ఇద్దరు శిష్యులను చూసి ప్రభువు, వారు దేనిని వెదకుతున్నారో చెప్పమన్నాడు (యోహాను 1:38). యోహాను సువార్తలో ప్రభువు పలికిన మొట్టమొదటి మాట ఈ ప్రశ్నయే. సెల్‌ఫోన్ చేత పట్టిన ప్రతివారూ నేడు దీనికి జవాబు చెప్పుకోవాలి.

మన దేశంలో ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అయినా మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె వంటి మన నెల్లూరు తీరపు పల్లెలలో దాని జోలికి పోని పెద్దలు ఇంకా ఉన్నారు. "ఈ వయసులో మాకెందుకయ్యా?" అంటారు. అటువంటివారే ఒకనాడు మనుమణ్ణి పిలిచి "నాకూ కాస్త నేర్పించరా" అని అడుగుతారు. ఎందుకు? వస్తువు మీద మోజుతో కాదు, మనిషి మీద ప్రేమతో.

కూతురు కువైట్‌లో పనికి కుదిరిన తల్లికి గొంతు వినడం ఒక్కటే చాలదు. బిడ్డ చిక్కిపోయిందో, కళ్లు ఏడ్చి ఉన్నాయో చూడాలి. 2020లో దేవాలయాల తలుపులు మూతపడినప్పుడు ఎందరో వృద్ధులు దివ్యబలిపూజ కోసమే మొదటిసారి ఫోన్ తెర వైపు చూశారు. ఆ ఏడాది మార్చి 27న పోపు ఫ్రాన్సిస్ గారు జనంలేని పునీత పేతురు ప్రాంగణం నుండి ఇచ్చిన ఆశీర్వాదాన్ని లోకమంతా ఇళ్లలోనే అందుకుంది.

ఇక సముద్రం మాట. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుఫానును మన పెద్దలు మరచిపోలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మళ్లీ మన తీరాన్ని వణికించింది. నేడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తును, గాలి వేగాన్ని ముందుగా తెలుపుతున్నది. చేపలు దొరికే అవకాశం ఏ రేవు నుండి ఏ దిక్కున, ఎంత దూరాన, ఎంత లోతున ఉన్నదో కూడా తెలుగులో చెబుతున్నది. ఒడ్డుకు దూరమైతే ఫోన్‌కు సిగ్నల్ అందదు. కనుక వేటకు బయలుదేరే ముందే చూసుకోవాలి. భర్త పడవ ఎక్కకముందు ఆ సమాచారం చూడటం నేర్చుకున్న ఇల్లాలిది కూడా ప్రేమయే కదా!

అంతర్జాలం అంటున్నాం. జాలం అంటే వల. ప్రభువు పరలోకరాజ్యాన్ని వలతో పోల్చాడు. అందులో అన్ని రకాల చేపలూ పడతాయి. జాలరులు ఒడ్డున కూర్చుండి మంచివాటిని గంపలకెత్తి, పనికిరానివాటిని పారవేస్తారు (మత్తయి 13:47-48). ఏరడం మీకు ఎవరూ నేర్పనక్కరలేదు. అబద్ధపు వార్తను పారవేయండి. ఓటీపీ అడిగే మోసగాడికి జవాబివ్వకండి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఇంటర్నెట్‌లో దివ్యసంస్కారాలు లేవని తిరుసభ 2002లోనే స్పష్టం చేసింది. మంచం పట్టినవారికి తెరపై పూజ ఓదార్పు. నడవగలిగినవారికి అది గుడికి బదులు కాదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, వచ్చిన పని మరచిపోవడం. దూరాన ఉన్న బిడ్డ ముఖం చూడటానికి ఫోన్ పట్టిన తల్లి, నడిరేయి దాకా ఎవరెవరివో వీడియోలు చూస్తూ పక్కనున్న భర్తను పలకరించకపోతే ఆ వల ఎవరిని పట్టినట్లు?

యువతీ యువకులారా, మీకూ ఒక మాట. వల నిండినప్పుడు పేతురు, అతనితో ఉన్నవారు రెండవ పడవలోని తోటివారిని సాయానికి పిలిచారు. వారు వచ్చి చేయి వేశారు (లూకా 5:7). మీ ఇంటి అవ్వ ఒకే సంగతిని నాలుగుసార్లు అడిగితే విసుక్కోకండి. పదిహేనేళ్లకే 2006లో కన్నుమూసిన కార్లో అకూటిస్, దివ్యసత్ప్రసాద అద్భుతాలను పదిమందికి తెలపడానికి తన కంప్యూటరు విద్యను వినియోగించాడు. 2025 సెప్టెంబరు 7న తిరుసభ అతనిని పునీతునిగా ప్రకటించింది. మీ విద్యలో ఒక అరగంట మీ అవ్వకు ఇవ్వలేరా?

ఈ ఆదివారం పూజ ముగిశాక మీ వీధిలో ఒంటరిగా ఉన్న ఒక పెద్దదిక్కు ఇంటికి వెళ్లండి. ఎవరిని చూడాలని ఉందో అడగండి. ఆ ముఖాన్ని వారికి చూపించి రండి.