మారని ఈఎంఐ

2021 మొదట్లో మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "నిజాంపేటలో ఫ్లాట్ చూశాం రా. యాభై లక్షల లోన్. తీసుకోమంటావా?" నాకు లెక్కలొస్తాయని ఇంట్లో అందరికీ ఓ నమ్మకం. వడ్డీ 6.75 శాతం, ఇరవై ఏళ్లు, నెలకి 38 వేలు. "ఇప్పుడు కడుతున్న అద్దెకి ఇంకో పదహారు వేలు కలిపితే సొంతిల్లు, తీసేసుకో అక్కా" అన్నాను. ఆ సలహాకి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వ్ బ్యాంక్ రెపో రేటుని 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. అక్కది రెపోకి ముడిపడ్డ ఫ్లోటింగ్ లోన్. వడ్డీ 9.25 అయింది. అయినా ఖాతాలోంచి నెలనెలా పోయేది అదే 38 వేలు. హమ్మయ్య అనుకుంది. నేనూ అనుకున్నాను.

ఒక ఆదివారం స్టేట్‌మెంట్ పంపితే కూర్చుని లెక్కేశాను. రెండేళ్లు కట్టాక మిగిలిన అసలు దాదాపు 47.5 లక్షలు. దాని మీద నెల వడ్డీయే 36,600. అంటే 38 వేలలో అసలుకి పోయేది 1,400. రేటు ఇలాగే ఉండి, ఇదే ఈఎంఐ కడుతూ పోతే మిగిలిన పద్దెనిమిదేళ్లు ముప్ఫై అయిదు దాటుతాయి. బ్యాంకులు మామూలుగా అంత దూరం పోనివ్వవు, మధ్యలో ఎక్కడో ఈఎంఐ పెంచుతాయి. కానీ అప్పటికి అక్కకి నలభై. యాభై ఎనిమిదికి తీరాల్సిన అప్పు, లెక్క ప్రకారం, డెబ్బై అయిదుకి జరిగింది.

"నన్నెవరూ అడగలేదే" అంది.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఈఎంఐ పెరిగితే ఇవాళ్టి మనిషికి నొప్పి తెలుస్తుంది. బ్యాంకుకి వెళ్తుంది, గొడవ పడుతుంది. గడువు పెరిగితే ఆ భారం అరవై అయిదేళ్ల ఇంకో మనిషి మీద పడుతుంది. ఆమె ఇంకా పుట్టలేదన్నట్టే లెక్క. "నా జీవితం, నా అప్పు" అంటాం గానీ, మోకాళ్ల నొప్పులతో, జీతం లేకుండా ఉండబోయే ఆ మనిషి తరఫున సంతకం పెట్టే హక్కు మనకి ఎంతవరకు ఉంది?

గడువు పెంచడమే తప్పని అనను. ఉద్యోగం పోయిన ఏడాదిలో అదే ఇంటిని నిలబెడుతుంది. అడక్కుండా పెంచడం తప్పు. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ కూడా ఇదే చెప్పింది: రేటు మారినప్పుడు ఆ సంగతి అప్పు తీసుకున్నవాళ్లకి తెలపాలి, ఈఎంఐ పెంచాలో గడువు పెంచాలో రెండూ కొంత కొంత చెయ్యాలో వాళ్లనే ఎంచుకోనివ్వాలి. మంచిదే. నేను మాత్రం ఆ రోజు "నెలకి ఎంత కట్టగలవు?" అనే అడిగాను. "ఏ వయసు దాకా?" అని అడగలేదు. బ్యాంకు చేసిన పనే నేనూ చేశాను.

పద్దెనిమిదేళ్లలోనే తీరాలంటే ఈఎంఐ 45 వేలు చెయ్యాలి. ఈసారి నిదానంగా, రెండు లెక్కలూ పక్కపక్కన రాసి చూపించాను. అక్క 45 వేలకే ఒప్పుకుంది. ఆ ఏడు వేలు ఎక్కణ్నుంచి వచ్చాయో ఆరు నెలల తర్వాత తెలిసింది. పాప వీణ క్లాసు మానేసింది. ముసలి అక్కని కాపాడబోయి, పక్క గదిలో ఉన్న పిల్లని అడగడం మర్చిపోయాం.

2025లో రెపో తగ్గడం మొదలైంది. అక్క మళ్లీ ఫోన్ చేసింది. "ఈఎంఐ తగ్గించుకోనా, అలాగే కట్టి గడువు తగ్గించుకోనా? నువ్వేమంటావ్?"

లెక్క నా దగ్గర సిద్ధంగానే ఉంది. అయినా వెంటనే చెప్పలేదు.

"పాప ఇంట్లో ఉందా? ఫోన్ స్పీకర్‌లో పెట్టు" అన్నాను.