ఒడ్డిన సొమ్మెవరిది?

భోగి నాటి మధ్యాహ్నం. ఉయ్యూరు దగ్గర మా పిన్ని వాళ్ళ ఊరు. భోజనాలయ్యాక మగవాళ్ళంతా వీధరుగు మీద చేరారు. మాటలు ఎక్కడ మొదలైనా కోడిపందేల దగ్గరికే వస్తున్నాయి. ఈడుపుగల్లు వైపు బరులు సిద్ధమయ్యాయట. ఏటా పోలీసులు హెచ్చరించడమూ, భోగికి షామియానాలు లేవడమూ మా డెల్టాలో గొబ్బెమ్మలంత మామూలు!

"ఎలాగూ ఆగట్లేదు. లైసెన్సులిచ్చి పన్ను వసూలు చేసుకుంటే ప్రభుత్వానికి నాలుగు రాళ్ళొస్తాయి కదా!" అన్నాడు బాబాయి. "మలక్‌పేటలో గుర్రం మీద కాస్తే తప్పు లేదు. గుర్రప్పందెం నైపుణ్యమని 1996లో సుప్రీంకోర్టే చెప్పింది. మా పుంజు ఏం పాపం చేసింది? క్రికెట్ ఏం పాపం చేసింది?"

అరిసెల పళ్ళెంతో వచ్చిన పిన్ని గుమ్మంలోనే ఆగింది.

"ప్రభుత్వానికి పన్ను కడతారు, బాగానే ఉంది. మరి నాకెవరు కడతారండీ?"

అరుగంతా గొల్లున నవ్వింది. బాబాయి ఒక్కడే నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఎందుకంటే ఆ సంగతి నాకు తెలుసు.

నాలుగేళ్ళ కిందట, ఐ.పి.ఎల్. రోజుల్లో, ఫోను మీద కాసిన పందేలు అప్పులై కూర్చున్నాయి. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద పిన్నికిచ్చిన అరెకరం అమ్మాల్సి వచ్చింది. "ఇష్టపూర్వకంగానే సంతకం పెడుతున్నారా అమ్మా, అని అడిగారే. అవునన్నాను. కాదంటే సాయంత్రం ఏ మొహంతో ఇంటికి రావాలి?" అని నాతో ఒక్కసారే చెప్పింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

చట్టం లేక కాదు సుమండీ! మన రాష్ట్రంలో జూదం నేరమని 1974లోనే చట్టం వచ్చింది. 2020లో ఆన్‌లైన్ జూదాన్నీ అందులో చేర్చారు. ఆ నిషేధం ఉండగానే పిన్ని అరెకరం పోయింది. 2025 ఆగస్టులో, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటూ చట్టం చేసింది. నిషేధంతోనే అన్నీ ఆగిపోతాయంటే నేను నమ్మను. చాటున జరిగే పందెంలో మోసపోయినవాడు ఎవరితోనూ చెప్పుకోలేడు. అంతవరకూ బాబాయి మాటలో నిజముంది, ఒప్పుకోవాలి.

2018 జూలైలో లా కమిషన్ కూడా తన 276వ నివేదికలో, పూర్తిగా ఆపలేకపోతే హద్దులు పెట్టి నడపడమే దారి అంది. పాన్, ఆధార్ నంబర్లు జతచేయాలంది. ఎంతవరకు కాయవచ్చో పరిమితి ఉండాలంది. ఆనాడే జూదానికి ఇలాంటి హద్దులుంటే ధర్మరాజు తమ్ముల్నీ, భార్యనీ ఒడ్డగలిగేవాడు కాదన్న వాదాన్నీ ప్రస్తావించింది.

అది చదివి చాలాసేపు ఆలోచించాను. ధర్మరాజు ఆడింది చెట్టు చాటునా? కాదే! రాజుగారు కబురు పెట్టి పిలిపిస్తే, ఆటకోసమే కట్టించిన సభలో, పెద్దలందరూ చూస్తుండగా ఆడాడు. అంతకు మించిన లైసెన్సు ఇంకేముంటుంది? ఆ సభలో ద్రౌపది అడిగింది "జూదం తప్పా, ఒప్పా" అని కాదు. ముందు తననే ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిదని! పెద్దలు తలలు దించుకున్నారు. ఇవాళ మన చర్చల్లోనూ ఆ ప్రశ్నకి జవాబు లేదు.

పాన్ కార్డు ఒక మనిషి రాబడి చెబుతుంది. ఆ రాబడిలో పిల్ల ఫీజెంతో, అత్తగారి మందులెంతో, పిన్ని మౌనమెంతో ఏ కార్డు చెబుతుంది? ఒడ్డేది ఒక్కరు. ఓడేది ఇల్లంతా.

ఇంకో మాట. నిషేధించి ఆపలేకపోవడం ప్రభుత్వం చేతగానితనం. అనుమతిచ్చి పన్ను తీసుకోవడం మాత్రం పొత్తు. అప్పుడు పిన్ని అరెకరంలో ప్రభుత్వానికీ వాటా ఉన్నట్టే కదా! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. వాళ్ళకి ఖజానా లెక్కలు తెలియక కాదు, ఆ ఆదాయం ఎవరి వంటింట్లోంచి వస్తోందో తెలిసి. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. దానితో తాగుడు మాయమైపోలేదు, నిజమే. కానీ ఆ సొమ్ము ఎవరిదన్న ప్రశ్న మాత్రం మొదటిసారి గట్టిగా వినిపించింది.

కనుమ నాడు బాబాయి తెల్లచొక్కా తొడుక్కున్నాడు. పిన్ని ఏమీ అడక్కుండానే జేబులోంచి అయిదు వందల నోటు తీసి చూపించాడు.

"ఇంతే తీసుకెళ్తున్నా. సరదాకి. ఇది నా పింఛనులోదేనే!"

"ఇద్దరిదీ," అంది పిన్ని, ముగ్గు మీంచి తలెత్తకుండానే.

బాబాయి చెప్పులేసుకున్నాడు. విడిచాడు. మళ్ళీ వేసుకున్నాడు. ఇంతలో నా బెజవాడ బస్సు వచ్చేసింది.