తలకు కుట్లు

ఫుట్‌బాల్ గొడవ మనకెందుకంటారా? కాస్త వినండి. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మనవాళ్ళు తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడారు. ఫైనల్లో మళ్ళీ వాళ్ళే ఎదురు! బలాబలాలు తూచాల్సినాయన మన హైదరాబాదు కోచ్ రహీం సాబ్.

వెనక కాపుకాసే జర్నైల్ సింగ్ తలకేమో అప్పటికే దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ లోపాన్ని పక్కన కూర్చోబెట్టాలి కదా? రహీం సెమీఫైనల్ నుంచే అతణ్ణి ముందు వరసకు పంపారు. ఫైనల్లో పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒకటి. 2–1తో బంగారు పతకం!

గెలిచారు కనుక మెచ్చుకుంటున్నాం. కుట్లు విడిపోతేనో? జ్వరంతో పొయ్యి దగ్గర నిలబడ్డ ఇల్లాలిని “ఎంత ఓపికో!” అంటారే, అలా ఉంటుంది నాకు. అది నమ్మకమా, వాడుకోవడమా? ఇప్పటికీ తేల్చుకోలేను. అయితే ఆడమన్న రహీం గారే అప్పటికి క్యాన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్‌లో పోయారు.