సమష్టి నియమము – వ్యక్తి స్వేచ్ఛ

కంప్యూటరునకు ఆజ్ఞల నిచ్చు వ్రాతను కోడు అందురు. పేరులెట్లు పెట్టవలయును, పంక్తి యెంత పొడవుండవలయును అను విషయములలో యంత్రమునకు పట్టింపు మిక్కిలి తక్కువ. అయినను 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలిడిన లినక్సు, పైథాను భాష మొదలగు వానిలో, అనగా ఎవరైనను చూచి, దిద్ది, వాడుకొనదగిన నిర్మాణములలో, ఇట్టి కట్టుబాట్లు వ్రాతపూర్వకముగా నున్నవి. స్వేచ్ఛయే ప్రాణముగా గల సమాజములు తమవారి వ్రాతతీరునకు కట్టడి విధించుట తగునా?

తగునని మా యభిప్రాయము. కోడు ఒకమారు వ్రాయబడి పలుమారులు చదువబడును. వ్రాసినవా డొకడు, ఏండ్ల పిమ్మట అందలి దోషమును వెదకువాడు వేరొక దేశమువాడు, వ్రాసినవాని నెన్నడు నెరుగనివాడు. ఇష్టము వచ్చినట్లు వ్రాసిన ముచ్చట మొదటివానిది; దాని చిక్కు విడదీయు శ్రమ రెండవవానిది. తన ముచ్చట కొరకు పరుని శ్రమపెట్టుటకు స్వేచ్ఛ యను పేరు చెల్లదు.

శ్రమయే గాదు, అపాయమును గలదు. 2014లో ఆపిల్ సంస్థవారి రక్షణకోడులో ఒక పంక్తి పొరపాటున రెండుమారులు పడియున్నట్లు బయటపడెను. రెండవ పంక్తియు మొదటిదానివలెనే లోనికి జరిపి వ్రాయబడుటచే, అదియు షరతునకు లోబడినట్లే కంటికి తోచెను. యంత్రమునకు మాత్రము అది షరతులేని యాజ్ఞ. అందుచే మోసగాని పట్టవలసిన పరీక్ష నడుమనే ఆగి, నెగ్గినట్లు లెక్కకు వచ్చెను. షరతునకు లోబడిన యాజ్ఞను ఎల్లప్పుడును బ్రాకెట్లలో నుంచు కట్టుబాటున్నచో ఇట్లు జరుగకుండెడిదని పలువురు వాదించిరి. కాని లినక్సు నియమావళి, ఆజ్ఞ యొక్కటే యైనచో బ్రాకెట్లు అనవసరమనుచున్నది. కావున ఏ నియమమును వేదవాక్యము కాదు.

ఇచట మన యిండ్లలోని యాచారములను పరీక్షించు కంటితోనే చూడవలయును. పంక్తికి 80 అక్షరముల హద్దు 1928 నాటి ఐబీఎం రంధ్రపు కార్డులలోని 80 నిలువు వరుసల నుండి వచ్చినది. కార్డులు పోయినను హద్దు నిలిచెను. 2001లో వెలసిన పైథాను నియమావళి 79 అక్షరముల హద్దు పెట్టి, రెండు మూడు పత్రములను తెరపై ప్రక్కప్రక్కన చూడవచ్చునని కారణము చెప్పుచున్నది. చదువుటకు అడ్డమగుచోట నియమమును విడువుమనియు చెప్పుచున్నది. 2020లో లినక్సు పరీక్షకసాధనము తన హెచ్చరికను 100 అక్షరములకు సడలించినది. కారణము చెప్పగల యాచారము నిలువవచ్చును, చెప్పలేనిది సడలవలయును.

ఇంకొక మాట. పెద్దలు నియమమును బెత్తముగా బట్టి క్రొత్తగా వచ్చినవారిని నలుగురిలో చిన్నబుచ్చుట కూడదు. ఉచితముగా సేవచేయ వచ్చినవాడు ఒక ఖాళీ చోటు కొరకు మాటపడి వెడలిపోయినచో, ఆ నష్టమును ఏ పంక్తిక్రమమును పూడ్చజాలదు. గో భాషవారు ఈ సవరణను ఒక సాధనమునకే యప్పగించిరి. అది పెద్దవాని వ్రాతను, పిన్నవాని వ్రాతను ఒక్క తీరుననే దిద్దును. నియమము అందరిపై సమముగా నడచునపుడే దానికి తలయొగ్గుట గౌరవమగును.