పాత రూపము, క్రొత్త యంత్రము

మూడు తరములుగా వర్తకము సాగుచున్న ఒక దుకాణములో ఒక త్రాసు కలదనుకొనుడు. తాతగారు కొన్నది. తండ్రి కాలమున పళ్లెములు అరిగి క్రొత్తవి వచ్చినవి. కుమారుని కాలమున గొలుసులు తెగి మారినవి. కడకు దండె కూడ వంగి, మరియొకటి చేయింపవలసి వచ్చినది. ఇప్పుడు ఆ త్రాసునందు తాతగారి చేయి తగిలిన లోహము రవంతయు లేదు. అయినను ఇంటివారు దానిని తాతగారి త్రాసనియే పిలుచుచున్నారు. ఆ మాట నిజమా, అబద్ధమా?

ఈ ప్రశ్నయే నేడు వీధులలో మరియొక రూపమున తిరుగుచున్నది. బజారులో తేలికయైనవి, వేగము గలవి, కోసుగా చెక్కిన అంగములు గలవి అయిన మోటారు సైకిళ్లు ఎన్నియో కలవు. అయినను వేలకొలది జనులు గుండ్రని దీపము, ఉబ్బిన పెట్రోలు ట్యాంకు, నిటారుగ కూర్చుండు ఆసనము గల పాత తీరు బండినే కోరుచున్నారు. కొందరు దీనిని వట్టి మోజందురు. మరికొందరు పూర్వికులయందలి భక్తి యందురు. రెండును తొందరపాటు తీర్పులే. ఏ సరుకునైనను విప్పి చూడక వెల కట్టరాదు గదా!

ఈ విషయమున బుల్లెట్టు కంటె తగిన ఉదాహరణము లేదు. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున ఎన్‌ఫీల్డు సంస్థవారు 1932లో ఈ పేరుతో బండిని వెలువరించిరి. 1950వ దశకమున భారత సైన్యము సరిహద్దుల గస్తీకై దీనిని ఎన్నుకొని 800 బండ్లు కోరినది. 1955లో మద్రాసు మోటార్సు వారు ఇంగ్లండు సంస్థతో కూడి ఎన్‌ఫీల్డు ఇండియాను నెలకొల్పిరి. మద్రాసునకు ఉత్తరమున తిరువొత్తియూరులో కర్మాగారము లేచినది. మొదట ఓడలలో వచ్చిన భాగములను ఇచట కూర్చెడివారు; పిదప ఇచటనే చేయసాగిరి. 1970 ప్రాంతమున ఇంగ్లండులోని మాతృసంస్థ మూతపడినది. మాతృక ఆరిపోయినను మద్రాసులో దీపము వెలుగుచునేయున్నది. 1994లో ఈ సంస్థ ఐషర్ సంస్థలో కలిసినది.

ఇప్పుడు త్రాసు కథ ఇచటను జరిగినది. పాత బుల్లెట్టు ఇంజను పోత ఇనుముతో చేయబడినది. దాని గేరు కుడికాలి వద్ద, బ్రేకు ఎడమకాలి వద్ద ఉండెడివి. కాలుష్య నియమములు బిగిసినకొలది ఆ ఇంజను నిలువజాలక 2010 ప్రాంతమున తప్పుకొన్నది. 2009లో వచ్చిన క్లాసిక్ బండిలో ఇంజనును గేరుపెట్టెయు ఒకే తొడుగులో ఇమిడినవి. గేరు ఎడమకాలికి వచ్చినది. 2021లో మరల మార్చిన క్లాసిక్ 350లో ఇంజను మరియొకటి. అదురును అణచు దండమొకటి లోపల చేరినది. కిక్కు కొట్టు కడ్డీ మాయమైనది. కార్బురేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్ము విద్యుత్ పరికరము వచ్చినది. అనగా పాతదానిలోని భాగములు ఇంచుమించు అన్నియు మారినవి. మిగిలినది రూపము, పేరు, టాంకుపై చేతితో దిద్దు సన్నని బంగారు గీత. ఇంత మారిన పిదపను కొనువాడు దానిని బుల్లెట్టు వంశమనియే నమ్మి కొనుచున్నాడు.

లెక్కలు చూచినను ఆశ్చర్యమే. క్లాసిక్ 350 ఇంజను 349 సి.సి.; బలము సుమారు 20 అశ్వశక్తులు; బరువు 195 కిలోగ్రాములు. 2013లో మన దేశమున విడుదలైన డ్యూక్ 390 అను బండి ఇంజను 373 సి.సి. మాత్రమే, బలము 43 అశ్వశక్తుల పైచిలుకు, బరువా, క్లాసిక్కు కంటె ఎంతయో తక్కువ. చిట్టాలో ఈ రెండు వరుసలు ప్రక్కప్రక్కన వ్రాసినచో ఏ గుమాస్తాయైనను రెండవదానినే కొనుమనును. మరి కొనువాడు లెక్క తెలియనివాడా?

కాడు. అతడు వేరొక వరుస చూచుచున్నాడు. డ్యూక్ తన పూర్ణబలమును ఇంజను నిమిషమునకు తొమ్మిదివేల చుట్లు దాటినపుడు గాని ఈయదు. క్లాసిక్కు చక్రమును త్రిప్పు ఊపు నాలుగువేల చుట్లకే పరిపూర్ణమగును. సందులలో, గతుకులలో, భార్యాబిడ్డలను ఎక్కించుకొని ఎత్తు ఎక్కునపుడు, మాటిమాటికి గేరు మార్చనక్కరలేక నెమ్మదిగా లాగు గుణము దీనికి కలదు. ఇంజను ఒకే గొట్టము గలది. రెండు చుట్లకు ఒక్కసారి మండును. నిమిషమునకు వేయి చుట్లు తిరుగునపుడు ఐదువందల దెబ్బలు మాత్రమే. కాబట్టి ఒక్కొక్క దెబ్బయు చెవికి కొంతవరకు విడివిడిగా వినిపించును. పని చేయుచున్న వస్తువు పని చేయుచున్నానని చెప్పుచున్నట్లుండును. వేగముగ తిరుగు ఇంజనులో ఆ దెబ్బలన్నియు కలిసి ఒక్క కూతయగును.

దీనిని బట్టి ఎన్నికకు మూడు కారణములు తేలుచున్నవి. మొదటిది, చాలుననుట. రోడ్డుపై ధర్మముగా పోదగిన వేగము ఇంతయే. అంతకు సరిపడు బలముండిన చాలునను తలంపు. రెండవది, బోధపడుట. తాను ఎక్కు యంత్రము ఏమి చేయుచున్నదో తనకు తెలియవలెనను కోరిక. మూడవది, తెంపు లేకుండుట. తండ్రి యెక్కిన దానికిని తాను ఎక్కుదానికిని నడుమ ఒక దారము మిగులవలెనను కోరిక.

ఈ మూటిని గీటురాయిపై గీసి చూడవలెను; మెరసినదెల్ల బంగారము కాదు.

బోధపడుట అను కారణము పాత బుల్లెట్టు విషయమున నూటికి నూరుపాళ్లు సత్యము. దాని ప్లగ్గు, ప్లాటినము పాయింట్లు, ట్యాపెట్టులు పల్లెటూరి మెకానిక్కు చెట్టు క్రింద కూర్చుండి సవరించెడివాడు. నేటి క్లాసిక్కులో ఇంజను నడకను ఏలునది ఒక విద్యుత్ పెట్టె. అది చెడినచో స్పానరు పనికిరాదు. కావున నేటి బండిని కొనువాడు ఇది సులభముగా బాగుపడునని మాత్రమే నమ్మి కొన్నచో, అతడు రూపమును చూచి గుణమును ఊహించినవాడగును.

చాలుననుట యను కారణమునందును ఒక మెలిక కలదు. నిజముగా చాలునను వాడు సగము ధరకు దొరకు చిన్న బండిని ఏల కొనడు? ఈ ప్రశ్నను దాటవేయరాదు. పాత తీరు బండి పొదుపు వస్తువు కాదు. దాని మెరుపులకు, బరువునకు కొనువాడు సొమ్ము చెల్లించుచునే యున్నాడు. కాబట్టి దీనియందలి తృప్తి ధనవిషయమున కాదు, నడకవిషయమున. అంతవరకే చెప్పుకొనుట న్యాయము. అంతకు మించి, సాదాజీవనమునకై ఈ బండి నెక్కితినని చాటుకొనువాడు తన్ను తాను మోసగించుకొనుచున్నాడు.

వర్తక కుటుంబములకు మరియొక శంక కలుగుట సహజము. క్రొత్త సరుకునకు పాత ముద్ర వేసి అమ్ముట మోసము గదా! బ్రిటనులోని ట్రయంఫ్ సంస్థ 1959లో తొలిసారి వెలువరించిన బానివిల్ బండి నేటి అవతారమున, పెట్రోలు చిమ్ము పరికరమునకు కార్బురేటరు వంటి తొడుగు తొడిగిరి. 2016లో ఇంజనును నీటితో చల్లార్చు పద్ధతి తెచ్చియు, గాలితో చల్లారు ఇంజనులకుండు రెక్కలను ముఖ్యముగా రూపము కొరకే నిలిపిరి. మైసూరులో 1961 మొదలు 1996 వరకు బండ్లు చేసిన ఐడియల్ జావా వారి నాటి రూపము, 2018లో జావా పేరు మరల వచ్చినపుడు తిరిగివచ్చినది; అందును లోపల నీటితో చల్లారు 293 సి.సి. ఇంజనే ఉండెను. ఇది వేషము కాదా?

వేషమే. కాని వేషమెల్ల మోసము కాదు. మోసమునకు మరుగు కావలెను. ఇంజను ఎట్లు చల్లారునో, పెట్రోలు ఎట్లు చేరునో తయారుచేసినవారే బహిరంగముగా ప్రకటించుచున్నారు; కొనువాడు తెలిసియే కొనుచున్నాడు. పూత వేసిన ఇత్తడిని పూతయని చెప్పి అమ్మిన వర్తకుడు దొంగ కాడు; బంగారమని చెప్పి అమ్మినవాడే దొంగ. కాబట్టి అమ్మువానియందు కంటె కొన్నవానియందే ఈ ప్రశ్న ఎక్కువగా నిలుచుచున్నది: అతడు ఆ రూపముతో ఏమి చేయును?

ఒక యింటి ముంగిట మనుమడు క్రొత్త క్లాసిక్కును నిలిపినాడనుకొనుడు. తాతగారు 1970 ప్రాంతమున బుల్లెట్టు నడపినవారు. బండి చుట్టు ఒకసారి తిరిగి, "కిక్కు ఏదిరా?" అని అడిగిరి.

"లేదు తాతగారూ, మీట నొక్కిన చాలును."

"గేరు కుడివైపున లేదే?"

"అదియు మారినది. కాని మీరు కూర్చున్నట్లే కూర్చుండవచ్చును. మీ వలెనే నెమ్మదిగా పోవచ్చును."

తాతగారు నవ్విరి. "మేము నెమ్మదిగా పోయిన మాట నిజమేరా నాయనా. అంతకంటె వేగముగా పోవు బండి దొరకక పోయితిమి. ఆనాడు ఎన్నుకొనుటకు ఉన్నవే రెండు మూడు రకములు. అందులో మా గొప్ప యేమియు లేదు. నీకు వేగము గలది దొరకియు దీనిని తెచ్చినావు. నెమ్మదిగా పోదువేని ఆ గొప్ప నీది. పోకున్నచో ఇది నా బండి వేషము వేసికొన్న మరియొక బండి."

ఈ మాటలోనే విషయమంతయు కలదు. వెనుకటివారి మితము చాలవరకు లేమి వలన వచ్చినది. నేటివాని మితము ఎన్నిక వలన రావలెను. ఎక్కువను చేతికి అందియు విడిచినపుడే చాలునను మాటకు విలువ. కాబట్టి పాత తీరు బండి నెక్కిన యువకుడు తాతను అనుకరించుట లేదు. తాతకు అవకాశమే లేని ఒక పనిని చేయబూనినాడు. ఆ పూనిక నిజమో కాదో షోరూములో తేలదు, రోడ్డుపై తేలును.

అంతేకాదు, పూర్వకాలమునుండి ఏమి తెచ్చుకొనవలెనో, ఏమి విడువవలెనో విచక్షణ వలయును. పాత జావా రెండు దెబ్బల ఇంజను గలది. పెట్రోలులో కలిపిన నూనెయు మండి, వెనుక వచ్చువారికి పొగను పంచెడిది. క్రొత్త జావాలో ఆ ఇంజనును తిరిగి తేలేదు, తేకుండుటయే మంచిది. పాత డ్రమ్ము బ్రేకులకు నేటి రద్దీ తగదు. 125 సి.సి.కి మించిన క్రొత్త బండ్లన్నిటికిని చక్రము బిగిసి జారకుండ కాపాడు ఏ.బి.ఎస్. పరికరము 2019 ఏప్రిలు నుండి తప్పనిసరి యైనది. పాతదనము చెడునని దానిని నిందించువాడు తన ముచ్చట కొరకు దారిన పోవు బాలుని ప్రాణమును పందెమొడ్డుచున్నాడు. తన దేహము తనదే కావచ్చును. ఎదుటివాని దేహము తనది కాదు.

శబ్దము సంగతియు ఇంతే. ఆ మంద్రధ్వని ఎక్కినవానికి ఇంపు. కాని కొందరు కర్మాగారమువారు బిగించిన సైలెన్సరును ఊడదీసి, ఫిరంగి వలె పేలు గొట్టమును తగిలించుచున్నారు. పలు నగరములలో పోలీసువారు అట్టివాటిని పట్టి రోడ్డు రోలరు క్రింద నలుగగొట్టించిరి. రోగి నిదురను, పసిపాప నిదురను చెరచు ధ్వని ఏ కాలమున సంప్రదాయమైనది? తాతల నాటి బండియని పేరు చెప్పి తాతలు ఎన్నడును చేయని పనిని చేయుట పేరునకే కళంకము.

ఇక మొదటి ప్రశ్నకు రావచ్చును. పళ్లెము, గొలుసు, దండె అన్నియు మారిన ఆ త్రాసు తాతగారిదే యనుట ఎప్పుడు నిజము? ఆ దుకాణమున ఆనాటి తూకమే నేడును తూగుచున్నపుడు నిజము. తూకము తగ్గిననాడు, తాతగారు తాకిన లోహము అణువణువున నిలిచియున్నను, అది ఆయన త్రాసు కాదు. తరము నుండి తరమునకు వచ్చునది ఇనుము కాదు, ఇచ్చిన మాట.

పాత రూపముగల బండియు ఒక మాట ఇచ్చుచున్నది: గట్టిగా నిలుతును, తొందరపడను, నీకు తోడుగ నుందును అని. చేసినవాడు గట్టిదనమును నిలిపి, నడపువాడు నిదానమును నిలిపినచో, భాగములెన్ని మారినను ఆ మాట చెల్లినట్లే. రూపము మాత్రము నిలిచి నడత మారెనా, టాంకుపై చేతితో దిద్దిన బంగారు గీత ఎంత చక్కనిదైనను, అది తూకము తప్పిన త్రాసుపై చెక్కిన తాతగారి పేరు వంటిదే.