నడిబజారులో చదవగలిగే మాట

ఎన్నికలొచ్చాయని ఒకప్పుడు మాకు మొదట చెవులు చెప్పేవి. మైకు కట్టిన జీపు వికారాబాద్ స్టేషన్ రోడ్డు మీద అరుచుకుంటూ పోయేది. తాండూరులో నాపరాయి పాలిష్ యూనిట్ల మధ్య, తెల్లటి దుమ్ములో, అదే జీపు తిరిగేది. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, సరిహద్దు ఊళ్లకు పోతే కన్నడంలో ఒకసారి చెప్పేవాళ్లు. భాష మారేది గానీ మాట మారేది కాదు. మారితే దొరికిపోయేవాళ్లు. హోటల్లో చాయ్ తాగే సాయిబు, బండలు మోసే కూలీ, కందులు అమ్ముకోవడానికి వచ్చిన రైతు, అందరూ ఒకే మాట విన్నారు. అది అబద్ధమైతే అందరూ కలిసే నవ్వుకున్నారు.

ఇప్పుడు జీపు ఇంకా తిరుగుతూనే ఉంది. కానీ అసలు ఎన్నిక జేబులో జరుగుతోంది. మా ఫోనుకు ఇఫ్తార్ విందులో టోపీ పెట్టుకున్న నాయకుడు వస్తాడు. కింద ఉర్దూలో ముబారక్. అదే నాయకుడి మనుషులు మా పక్కింటి ఫోనుకు ఇంకోటి పంపుతారు. అందులో మేమే ఒక బెదిరింపు. మా పిల్లల సంఖ్య బెదిరింపు, మా భూములు బెదిరింపు, మా దర్గా గోడ బెదిరింపు. ఈ సంగతి మాకెట్లా తెలిసింది? చాయ్ హోటల్లో ఇద్దరు దోస్తులు ఫోన్లు పక్కపక్కన పెట్టుకున్న రోజు తెలిసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చాయ్ చల్లారిపోయింది.

ఈ వ్యాసం ఆ చల్లారిన చాయ్ గురించి. అందరూ కలిసి వినని మాటను ప్రజల ముందు పెట్టిన మాట అనవచ్చునా? ఒక్కొక్కరి చెవిలో ఒక్కో రకంగా ఊదితే దాన్ని రాజకీయం అనాలా, చాడీ అనాలా?

పాత రోజులు బంగారం అని మేము అనడం లేదు. విశాఖలో 1974లో ‘ఈనాడు’ మొదలై తెలుగు పత్రికను పల్లెకు తెచ్చింది. 1982-83లో ఎన్.టి.రామారావు చైతన్య రథమెక్కి ఊరూరా తిరిగి, ప్రచారమంటే ఏమిటో పాత పార్టీలకు నేర్పాడు. ఆ పత్రికల్లో, ఆ రథాల చుట్టూ మేమెక్కడున్నాం? రంజానుకు సేమ్యా ఫోటోలో ఉన్నాం. బాంబు పేలిన మర్నాడు అనుమానితుల జాబితాలో ఉన్నాం. మధ్యలో పదకొండు నెలలు లేం. 1949లో హైదరాబాదులో మొదలైన ‘సియాసత్’ వంటి ఉర్దూ పత్రికలు మా గోడు రాశాయి. కానీ అది మాలో మేము ఏడ్చుకోవడమే అయింది. తెలుగు చదివే పొరుగువాడికి ఆ ఏడుపు చేరలేదు. అందుకే ఫోను చేతికొచ్చినప్పుడు మేమూ సంబరపడ్డాం. ఇక ఎవరి దయా అక్కర్లేదు, మా మాట మేమే చెప్పుకుంటాం అనుకున్నాం.

ఏం జరిగింది? మాకు చాలా దగ్గర్లోనే జరిగింది. బీదర్ జిల్లా ముర్కి గ్రామంలో, 2018 జులై 13న. హైదరాబాదు నుంచి స్నేహితులతో వెళ్లిన ఒక ముస్లిం యువకుడిని పిల్లల్ని ఎత్తుకుపోయేవాడన్న అనుమానంతో గుంపు కొట్టి చంపింది. వాళ్లు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే. వాళ్ల బొమ్మలు వాట్సాప్‌లో వాళ్లకంటే ముందు పరిగెత్తాయి. ఆ ఏడాది ఇలాంటి పుకార్లకు బలైనవాళ్లలో అన్ని మతాలవాళ్లూ, బతుకుదెరువుకు ఊరూరా తిరిగేవాళ్లూ ఉన్నారు. వారం తిరగకుండా వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెడతామంది. ఐదుకు తగ్గిస్తే అబద్ధం చిన్నదవుతుందా? పంపే వేలుకు బుద్ధి రాకపోతే ఐదు చాలు.

2020లో కరోనా వచ్చింది. జబ్బుకు మతం లేదు. ఫోన్లు దానికి మతం కట్టాయి. కూరగాయల మీద ఉమ్ముతున్నారంటూ ఎక్కడివో పాత వీడియోలు తిరిగాయి. తోపుడుబండి మీద పండ్లమ్ముకునేవాడు పేరు అడిగితే తడబడే రోజులవి. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, తబ్లీగీ జమాత్‌కు వచ్చిన విదేశీయులపై కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని చెప్పింది, మీడియా దుష్ప్రచారాన్ని తప్పుపట్టింది. ఆ తీర్పును ఎంతమంది ఫార్వర్డ్ చేశారు? అబద్ధం మోసిన వేళ్లు నిజం దగ్గరికొచ్చేసరికి అలసిపోయాయి.

అయితే ఇది మా ఒక్కరి గోడు కాదు. మా జిల్లాలోనే లగచర్లను చూడండి. 2024 నవంబర్ 11న ఫార్మా కోసం భూసేకరణ మీద మాట్లాడడానికి వచ్చిన కలెక్టరు మీదా అధికారుల మీదా దాడి జరిగింది. ఆ కొద్ది నిమిషాల వీడియో సాయంత్రానికల్లా రాష్ట్రమంతా చూసింది. దాడి తప్పే. కానీ ఆ రైతుల నెలల తరబడి గుబులు ఆ వీడియోలో లేదు. భూమి పోతే ఏం తినాలన్న తండా స్త్రీల ప్రశ్న లేదు. ఒక పక్షం దాన్ని కుట్ర అంది, ఇంకో పక్షం తిరుగుబాటు అంది. ఇద్దరికీ వీడియోలు తయారుచేసి పెట్టే మనుషులున్నారు. ఆ స్త్రీలు ఫోనును నమ్ముకుని కూర్చోలేదు. ఢిల్లీ దాకా పోయి మానవ హక్కుల కమిషన్ ముందు తమ నోటితో చెప్పుకున్నారు. డిసెంబరులో అరెస్టయిన రైతును గుండెనొప్పితో ఆసుపత్రికి తెస్తూ చేతులకు వేసిన బేడీల బొమ్మ బయటికొచ్చింది. ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించాల్సి వచ్చింది. ఆలోగానే ఫార్మా మాట పోయి పారిశ్రామిక పార్కు మాట వచ్చింది.

అదే ఫోను. ఒకరోజు తండాను మొత్తం నేరస్థుల తండాగా చూపింది. ఇంకోరోజు బేడీలు చూపింది. ఒక్క ఫ్రేములో జాతి మొత్తం ముద్దాయి అయిపోవడం ఎట్లా ఉంటుందో మాకు తెలుసు. అందుకే ఆ తండా బిడ్డల బాధ మాకు పరాయిది కాదు.

ఎన్నికలప్పుడల్లా మా మీద ఎక్కుపెట్టే మాట ఒకటుంది, రజాకార్. రజాకార్ల దుర్మార్గాన్ని మేము దాచం. కానీ వాళ్లను ఎదిరించి రాసి, 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లోనే ప్రాణం పోగొట్టుకున్న ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముసల్మానే. ఈ పేరు మీ ఫోనుకు ఎన్నిసార్లు వచ్చింది? మా ఫోనుకు ఎన్నిసార్లు వచ్చింది?

రెండో ప్రశ్న కావాలనే వేసుకున్నాం. మా గ్రూపులు మాత్రం కడిగిన ముత్యాలా? ఎక్కడో ఏ దేశంలోనో జరిగిన ఘోరాన్ని నిన్న మన పక్క ఊళ్లో జరిగిందని మేమూ పంపాం. భయం మీద వ్యాపారం చేసే నాయకులు మాలోనూ ఉన్నారు. వాళ్లకూ ఫోటోలు తీసేవాళ్లున్నారు. మా గ్రూపుల్లో మా అమ్మీల, ఆపాల నంబర్లు ఎన్ని? వాళ్ల మాట వినకుండా ఖౌమ్ మాట అని ఎట్లా అంటాం? వార్త వస్తే విచారించుకోండి, లేకుంటే తెలియక ఒకరికి హాని చేసి తర్వాత కుమిలిపోతారని ఖురాన్‌లో హుజురాత్ సూరా హెచ్చరిస్తుంది. దాన్ని వినయంగా చదివి, వెంటనే ఫోను తీసి విచారించకుండా పంపేవాళ్లం మేమే.

మిత్రులు ఒక మాట అడగవచ్చు. బలహీనులకు గుసగుస కూడా ఒక రక్షణ కదా, అందరి ముందూ మాట్లాడితే దెబ్బలు తినేవాళ్లు ఏం చేయాలి? నిజమే. మా ఉత్తరాలు సర్కారు విప్పి చదవాలని మేము కోరడం లేదు. తలదాచుకునేవాడి గుసగుస వేరు, ఓటడిగేవాడి గుసగుస వేరు. మొదటివాడికి చాటు హక్కు. అధికారం అడిగేవాడికి చాటు లేదు. మా దగ్గర టోపీ పెట్టుకున్నవాడు ఆ టోపీతోనే పక్కవీధిలోకి పోవాలి. అక్కడ మా గురించి అనేది మా ముందే అనాలి. సర్కారు శాఖకు పౌరసంబంధాలు అని పేరు పెట్టుకున్నాం. మమ్మల్ని ముక్కలుగా కోసి ముక్కకొక మాట పంపితే అందులో పౌరుడూ లేడు, సంబంధమూ లేదు.

నాయకులను అడిగే ముందు మేము మాకు ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఏదైనా పంపబోయే ముందు ఆగి అడుగుతాం. తాండూరు బజారులో, అన్ని కులాలవాళ్లూ చాయ్ తాగే హోటల్లో, లేచి నిలబడి దీన్ని గట్టిగా చదవగలమా? చదివాక పక్క టేబుల్ మనిషి కళ్లలోకి చూడగలమా? చూడలేకపోతే అది మా వేలి దగ్గరే ఆగిపోవాలి.

లౌకిక మిత్రులారా, మీరూ ఆ హోటలుకు రండి. మా గురించి మీకొచ్చింది తెండి, మీ గురించి మాకొచ్చింది తెస్తాం. రెండు ఫోన్లూ ఒకే టేబుల్ మీద పెడదాం. చాయ్ మళ్లీ చెప్పిద్దాం.